బైబిలు ఒప్పుకుందా, ఓర్చుకుందా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మూడు వారాల కిందట, బైబిలు బహుభార్యత్వాన్ని ఎక్కడా నిషేధించలేదు కాబట్టి ఆమోదించినట్టేనని ఒక వ్యాసం వచ్చింది. మరుసటి వారం ఒక పాస్టరుగారు దానికి జవాబు రాశారు. ఆదికాండం రెండో అధ్యాయంలోనే దేవుడు దాన్ని నిషేధించాడనీ, రెండో భార్య ఏ కాలంలోనూ భార్య కాదనీ తేల్చేశారు. రెండూ శ్రద్ధగా చదివాను. ఇద్దరూ అబ్రాహాము గురించి, యాకోబు గురించి, దావీదు గురించి రాశారు. అబ్రాహాముకు శారా భార్యగా ఇచ్చిన దాసి హాగరు పేరు వ్యాసంలో ఒక్కసారి వచ్చింది. జవాబులో అసలు రాలేదు. అందుకే ఈ ఉత్తరం. నేను ఒక రెండో భార్య మనవరాలిని.

మాది గుండ్లకమ్మ ఒడ్డున ఒక పల్లె. మా తాత మోటబావులకు తోలు తిత్తులు కుట్టేవాడు. పెళ్ళయి పదేళ్ళు దాటినా పెద్ద నాయనమ్మ కడుపు పండలేదు. ఆమే పట్టుబట్టి తన సొంత చెల్లెలిని తాతకిచ్చి చేయించింది. పరాయి ఇంటి పిల్ల సవతిగా వచ్చే కంటే తోడబుట్టినది రావడం మేలనుకుంది. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఇది వింత కాదు. ఆ చెల్లెలే మా చిన్న నాయనమ్మ, మా నాన్నను కన్న తల్లి. నాన్నకు ఏడేళ్ళప్పుడు, 1930 ప్రాంతంలో, వాడంతా బాప్తిస్మానికి సిద్ధమైంది. మిషను తరఫున వచ్చిన పెద్దలు తాతను కూర్చోబెట్టి, మొదటి ఆమె మాత్రమే నీ భార్య, రెండో ఆమెను పంపేస్తేనే బాప్తిస్మం అన్నారు. తాత ఒక నెల అటూ ఇటూ నలిగి చివరికి తల ఊపాడు. చిన్న నాయనమ్మకు ఊరి చివర ఒక పాక వేశారు. ఆమె కన్న కొడుకు పెద్దింట్లోనే ఉండిపోయాడు. తాతకూ పెద్ద నాయనమ్మకూ ఒకే రోజు బాప్తిస్మం ఇచ్చారు. చిన్న నాయనమ్మ ఏటి గట్టు మీద నిలబడి చూసింది.

ఆ పాకలో ఆమె ముప్పై ఆరేళ్ళు ఉంది. ఆమె చేసిన తప్పు, అక్క పిలిస్తే రావడం.

నాకు పదకొండేళ్ళప్పుడు, సాయంత్రం బడి నుంచి వచ్చాక, ఆ పాకలో కూర్చుని ఆమెకు బైబిలు చదివి వినిపించేదాన్ని. ఆమెకు చదువు రాదు. ఏ కథ చదవమంటావు నాయనమ్మా అంటే ఎప్పుడూ ఒకటే అడిగేది: ఆదికాండం ఇరవై ఒకటో అధ్యాయం. అబ్రాహాము తెల్లవారి లేచి, ఆహారాన్నీ నీళ్ళ తిత్తినీ హాగరు భుజం మీద పెట్టి, పిల్లవాణ్ణి అప్పగించి పంపేసే చోటు. అక్కడికి రాగానే ఆపమనేది. "తిత్తి అంటే ఎంత తిత్తి?" అనేది. మా ఇంట్లో తోలు సంగతి అందరికీ తెలుసు. మేక తోలు తిత్తి ఎంత ఉంటుందో రెండు చేతులూ చాచి చూపించేది. "ఇంత ఉంటే ఒక మనిషికి రెండు రోజులు. పిల్లవాడు కూడా ఉంటే ఒక రోజు. ఎండలో నడిస్తే అదీ రాదు." కాసేపాగి, "ఆయనకు ఒంటెలున్నాయి కదమ్మా, ఒంటె మీద ఎందుకు పంపలేదు?" అనేది.

ఒంటెలున్న మాట నిజం. పన్నెండో అధ్యాయంలోనే ఉంది. ఆమె ప్రశ్నకు నాకు అప్పుడు జవాబు తెలియలేదు. ఇప్పుడు డెబ్బై దాటాను. సండే స్కూలులో నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఈ విషయం మీద ఎవరు మాట్లాడినా నాకు సగం మాటలాగే వినిపిస్తుంది.

పాస్టరుగారి జవాబుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన వైపే నేనూ ఉండాలని నా మనసుకు ఉంటుంది. ఆయన ఆదికాండం 2:24 చూపారు. నేను ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, మాట మీద నా కన్ను ఆగుతుంది. మన తెలుగు బైబిలులో ఆ వచనం చివర "వారు ఏక శరీరమైయుందురు" అని ఉంటుంది. మత్తయి పంతొమ్మిదో అధ్యాయంలో యేసు అదే వచనాన్ని చెప్పినప్పుడు "వారిద్దరును" అని ఉంటుంది. ఆ తేడా మన అనువాదకుల పొరపాటు కాదు. హెబ్రీ మూలంలో "ఇద్దరు" అన్న మాట లేదు. యేసుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో ఉంది, సువార్త దాన్నే పట్టుకుంది. అంటే ఆదికాండపు వాక్యం ఒక జంటను చూపించింది గానీ, రెండో భార్య కూడదని శాసనం రాయలేదు. రాసి ఉంటే మోషే ధర్మశాస్త్రంలో తర్వాత వచ్చిన నియమాలకు అర్థం ఉండదు. దొంగతనం కూడదన్న చట్టం, దొంగసొత్తును ఎలా పంచుకోవాలో చెప్పదు కదా.

ఆ నియమాలు ఏమిటో చూడండి. నిర్గమకాండం 21లో, తండ్రి దాసిగా అమ్మిన పిల్లను ఒకడు చేసుకున్నాడు. తర్వాత మరొకతెను తెచ్చుకున్నాడు. అప్పుడు మొదటి ఆమెకు తిండి తగ్గించకూడదు, బట్ట తగ్గించకూడదు, సంసార ధర్మం తగ్గించకూడదు. ఈ మూడూ జరపకపోతే ఆమె రూకలు ఏమీ ఇవ్వకుండా స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. ద్వితీయోపదేశకాండం 21లో, ఇద్దరు భార్యల్లో ఒకతె మీద ప్రేమ, ఒకతె మీద ద్వేషం ఉన్నవాడు, ద్వేషించే ఆమెకు పుట్టిన జ్యేష్ఠుణ్ణి పక్కన పెట్టి, ప్రేమించే ఆమె కొడుకుకు జ్యేష్ఠత్వం ఇవ్వకూడదు. పెద్దవాడికి రెండు పాళ్ళు ఇచ్చి తీరాలి. లేవీయకాండం 18:18లో, భార్య బతికి ఉండగా ఆమెను బాధపెట్టేలా ఆమె తోడబుట్టినదాన్ని చేసుకోకూడదు. మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. ఈ వచనం మొదటిసారి చదివిన రోజు నేను బైబిలు మూసి చాలాసేపు కూర్చున్నాను. ద్వితీయోపదేశకాండం 17లో రాజును కూడా భార్యలను పెంచుకోవద్దంది.

వీటిలో ఒక్క నియమమైనా మగవాడికి కొత్త హక్కు ఇచ్చిందా? ప్రతిదీ అతని చెయ్యి పట్టుకుని ఆపుతోంది. దీన్ని ఆమోదం అనడం నాకు చేతకాదు. అయితే అదే నియమాలు ఆ స్త్రీలను ఏమని పిలిచాయో కూడా చూడాలి. ద్వితీయోపదేశకాండం ఇద్దరినీ భార్యలనే అంది. ఆదికాండం 16లో శారా హాగరును అబ్రాహాముకు భార్యగా ఇచ్చిందనే ఉంది. రెండో ఆమె భార్య కాదు అన్న మాట మా తాతకు చెప్పిన పెద్దలది. పాస్టరుగారు మీ పత్రికలో మళ్ళీ రాసినదీ అదే. ఆ మాట ధర్మశాస్త్రంలో లేదు.

ఇక వ్యాసకర్త గారు. ఆయన చేతిలో ఉన్న గట్టి వచనం రెండో సమూయేలు 12:8. నాతాను ప్రవక్త దావీదుతో, నీ యజమానుడైన సౌలు ఇంటినీ అతని స్త్రీలనూ దేవుడే నీకు ఇచ్చాడు అంటాడు. ఇది తేలికగా తీసిపారేయగల వచనం కాదు, పాస్టరుగారు దీన్ని ముట్టుకోకుండా వదిలేయడం న్యాయం కాదు. కానీ ఆ కాలంలో రాజు స్త్రీలు సింహాసనంతో పాటు చేతులు మారేవారు. దావీదు కొడుకు అబ్షాలోము తండ్రి మీద తిరగబడి, మేడ మీద అందరూ చూస్తుండగా తండ్రి ఉపపత్నులను తనవారిగా చేసుకున్నది అందుకే. దావీదు ముసలితనంలో సేవ చేసిన అబీషగును అదోనీయా పెళ్ళికి అడిగినందుకు తమ్ముడు సొలొమోను అతన్ని చంపించింది కూడా అందుకే. నాతాను చెబుతున్నది రాజ్యం అప్పగించిన సంగతి. పైగా అదే అధ్యాయంలో, అంతకు ముందే, ఆయన చెప్పిన కథ ఉంది. ఐశ్వర్యవంతుడికి గొర్రెలు మందలు మందలు. బీదవాడికి ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని గిన్నెలో తాగి, అతని కౌగిట పడుకుని, అతని కూతురిలా పెరిగింది. మందలున్నవాడు ఆ ఒక్కదాన్నీ పట్టుకుపోయాడు. ఎంతోమంది భార్యలుండీ ఊరియా అనే సైనికుడి భార్యను తీసుకున్న రాజుకు, ఒక్క భార్యే ఉన్న ఆ సైనికుడి ఇంటిని చూపించడానికి ప్రవక్త ఎంచుకున్న పోలిక ఇది. కథ విన్న దావీదే, అలా చేసినవాడు మరణపాత్రుడు అన్నాడు.

వ్యాసకర్త గారు ప్రొటెస్టంటు ఉద్యమ నాయకుడు లూథరును కూడా సాక్ష్యానికి తెచ్చారు. నిజమే. జర్మనీలో హెస్సె ప్రభువు ఫిలిప్పు భార్య ఉండగానే 1540లో మరో పెళ్ళి చేసుకోవడానికి లూథరు, ఆయన సహచరుడు మెలాంక్‌తోన్ సలహా ఇచ్చారు. దాన్ని రహస్యంగా ఉంచమని కూడా అన్నారు. అది బయటపడి వాళ్ళ ఉద్యమానికి మాయని మచ్చ అయింది. దేవుడు ఆమోదించాడని నమ్మినవాళ్ళు ఒక పెళ్ళిని దాచమని చెప్పరు.

నా దృష్టిలో నియమాల కంటే గట్టి సాక్ష్యం కథలది. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల పేర్లు మనం పిల్లల చేత వరసగా వల్లె వేయిస్తాం. ఆ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? లేయా, రాహేలు అనే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు యాకోబు అనే ఒక మగవాడి కోసం పడిన పోరులోంచి వచ్చాయి. లేయా మొదటి బిడ్డకు రూబేను అని పేరు పెట్టి, ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడు అనుకుంది. తనను ద్వేషిస్తున్నారని యెహోవా విన్నాడంటూ రెండోవాడికి షిమ్యోను అని పెట్టింది. ఇప్పుడైనా నన్ను హత్తుకుని ఉంటాడు అని మూడోవాడికి లేవి అని పెట్టింది. రాహేలు తన దాసికి పుట్టిన బిడ్డకు, అక్కతో పోరాడి గెలిచానంటూ నఫ్తాలి అని పెట్టింది. రూబేను పొలం నుంచి పుత్రదాత వృక్షపు పండ్లు తెస్తే, చెల్లెలు వాటిని అడిగింది. నా భర్తను తీసుకున్నది చాలక నా కొడుకు తెచ్చిన పండ్లు కూడానా అంది అక్క. పండ్లకు బదులు ఆ రాత్రికి యాకోబును లేయాకు వదిలేసింది రాహేలు. పొలం నుంచి వస్తున్న భర్తకు ఎదురువెళ్ళి, నిన్ను కొనుక్కున్నాను, ఇవాళ నా దగ్గరికి రావాలి అని లేయా చెప్పింది. ఒక భార్య నోట ఈ మాట రాయించిన గ్రంథం ఈ ఏర్పాటును మెచ్చుకుందని ఎలా అనగలం?

హన్నా కథ అంతకంటే మెత్తగా కోస్తుంది. ఎల్కానాకు ఇద్దరు భార్యలు, పిల్లలున్న పెనిన్నా, పిల్లలు లేని హన్నా. పండుగకు షిలోహు వెళ్ళిన ప్రతి ఏడూ పెనిన్నా ఆమెను విసికిస్తుంది, హన్నా అన్నం ముట్టదు. మన తెలుగు అనువాదం పెనిన్నాను "వైరి" అంది. మన ఇళ్ళలో దానికి ఎవరూ నేర్పనక్కరలేని మాట ఉంది, సవతి. ఎల్కానా చెడ్డవాడేమీ కాదు. పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కానా అని బతిమాలుతాడు. ప్రేమించే భర్త ఉండి కూడా ఆ ఇంట్లో ఒకామె ఏడుస్తూనే ఉంది. మరొకామె విసికిస్తూనే ఉంది.

సొలొమోను ఏడు వందల మంది భార్యల గురించి, మూడు వందల మంది ఉపపత్నుల గురించి నేను చెప్పనక్కరలేదు, అందరికీ తెలుసు.

యేసు కాలానికి యూదుల్లో ఇది పోయిందా అంటే పోలేదు. మృత సముద్రం పక్కన గుహల్లో దొరికిన దమస్కు పత్రం అనే వ్రాతలో, ఇద్దరు భార్యలను చేసుకునేవాళ్ళను గట్టిగా తప్పుపట్టారు. నోవహు ఓడలోకి జంటలు జంటలుగానే వెళ్ళాయి కదా అని వాదించారు. ఉన్నదాన్నే కదా తప్పుపడతారు. 1961లో అదే ప్రాంతంలో మరో గుహలో పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదీన్ బృందానికి బబతా అనే యూదు స్త్రీ దాచుకున్న తోలు సంచి దొరికింది. అందులో ఆమె దస్తావేజులు ఉన్నాయి. రెండో శతాబ్దంలో, భర్త చనిపోయాక, అతని మరో భార్య మిర్యాముకూ ఆమెకూ ఆస్తి తగాదా నడిచింది. ఆ కాగితాల్లో కొన్ని ఆ తగాదావే. ఊళ్ళు వదిలి పారిపోతూ, ఆ గుహలోకి కూడా ఆ కాగితాలను వెంట తెచ్చుకుంది. రెండో భార్యకు కాగితం ఎంత అవసరమో నాకు తెలుసు.

అందుకే కొత్త నిబంధన మాటలను నేను జాగ్రత్తగా చదువుతాను. విడాకుల గురించి అడిగినప్పుడు యేసు, మీ హృదయ కాఠిన్యాన్ని బట్టి మోషే సెలవిచ్చాడు, ఆది నుంచి అలా జరగలేదు అన్నాడు. ప్రశ్న విడాకులదే. అయినా ఈ ఒక్క మాటలో మొత్తం చిక్కు విడిపోతుందని నా నమ్మకం. దేవుడు సెలవిచ్చినవన్నీ ఆయన కోరుకున్నవి కావు. మగవాడి గుండె రాయి కాబట్టి, ఆ రాయి కింద పడి నలిగే ఆడదానికి కొంచెం చోటు చేయడానికి ఇచ్చిన సెలవులు కొన్ని. తిమోతికి రాసిన పత్రికలో సంఘ అధ్యక్షుడు ఏకపత్నీ పురుషుడై ఉండాలన్నారు. ఆ మాటకు పండితులు నాలుగు అర్థాలు చెబుతారు. నాకు అర్థమైనది ఇంతే: సంఘం ఏ ఇంటిని చూసి నేర్చుకోవాలో అక్కడ ఒక్క భార్యే ఉండాలి. బైబిలు ఓర్చుకుంది, ఒప్పుకోలేదు.

ఇంతవరకూ పాస్టరుగారికి పెద్దగా అభ్యంతరం ఉండకపోవచ్చు. నా బాధ ఇక్కడే మొదలవుతుంది. దేవుడు ఓర్చుకున్న చోట సంఘం ఎందుకు ఓర్చుకోలేకపోయింది?

1888లో లండనులోని లాంబెత్‌లో ఆంగ్లికన్ బిషప్పులు సమావేశమై, బహుభార్యలున్న మగవాడికి బాప్తిస్మం ఇవ్వకూడదని తీర్మానించారు. మా ఊరి మిషను వాళ్ళది కాదు, అయినా పద్ధతి ఒకటే. అంతకు ముందే దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్పు కొలెన్సో, జూలూల మధ్య పనిచేస్తూ, నమ్మకంతో కట్టుకుని వచ్చిన ఆడదాన్ని బాప్తిస్మం పేరుతో వెళ్ళగొట్టించడం అంతకంటే పెద్ద తప్పని వాదించాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. సరిగ్గా నూరేళ్ళకు, 1988లో, అదే లాంబెత్ సమావేశం తీర్మానం మార్చింది. అలాంటి పురుషుడికి, నమ్మిన భార్యలకు, పిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చు. అప్పటికున్న భార్యల్లో ఎవరైనా బతికున్నంత కాలం మరో పెళ్ళి చేసుకోనని అతను మాట ఇవ్వాలి. ఉన్న భార్యల్లో ఎవరినీ పంపేయమని బలవంతం చేయకూడదు, ఎందుకంటే ఆ స్త్రీ దిక్కులేనిదవుతుంది. ఈ తీర్మానం సంగతి ఒక పత్రికలో చదివిన రోజు నేను బడిలో ఉన్నాను. తరగతికి వెళ్ళలేకపోయాను. చిన్న నాయనమ్మ పోయి అప్పటికి పద్నాలుగేళ్ళు.

ఆ ముప్పై ఆరేళ్ళూ ఆమెను బతికించింది ఎవరో చెప్పాలి. చీకటి పడ్డాక పెద్ద నాయనమ్మ ముంతలో జొన్న సంకటి, పైన ఇంత పచ్చడి పెట్టి, మా నాన్న చేత పంపేది. సంక్రాంతికి తనకు చీర తెచ్చినప్పుడల్లా చెల్లెలికీ ఒకటి తెప్పించేది. తిండి, బట్ట తగ్గించకూడదని నిర్గమకాండం భర్తకు చెప్పింది. ఆ భారాన్ని సవతి మోసింది. పెద్దలు చూస్తే సంఘంలో మాట వస్తుందని చీకట్లో మోసింది.

హాగరును పంపేయమని అబ్రాహాముతో అన్నది దేవుడే కదా అని ఎవరైనా అంటారేమో. అవును, శారా మాట వినమన్నాడు. ఆ వాక్యం నాకూ ముల్లే. కానీ తిత్తిలో నీళ్ళు అయిపోయిన చోట ఆయన అబ్రాహాము గుడారంలో లేడు, పొద కింద ఏడుస్తున్న పిల్లవాడి దగ్గర ఉన్నాడు. హాగరు కళ్ళు తెరిచి బావి చూపించాడు. అంతకు ముందు ఆమె మొదటిసారి పారిపోయినప్పుడు కూడా ఆయనే వెతుక్కుంటూ వెళ్ళాడు. చూచుచున్న దేవుడవు నీవే అని ఆయనకు పేరు పెట్టింది ఆమె. ఆ పేరు అబ్రాహాము పెట్టింది కాదు, శారా పెట్టింది కాదు.

ఇప్పటి కాలంలో ఎవరైనా ఆ వ్యాసం చదివి, బైబిలులో ఉంది కదా అని రెండో పెళ్ళికి ధైర్యం తెచ్చుకుంటే, వాళ్ళకు ఒక్క మాట. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బతికి ఉన్న భార్య గానీ భర్త గానీ ఉన్నవారికి పెళ్ళి జరిపించకూడదు. హిందూ భర్త ఇస్లాంలోకి మారి మరో పెళ్ళి చేసుకున్నా మొదటి పెళ్ళి రద్దు కాదని సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులో చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద ఏడేళ్ళ దాకా జైలు. లేయా ఏడుపును తన కోరికకు సాక్ష్యంగా తెచ్చుకునే మగవాడితో నాకు వేరే వాదన లేదు.

మా తాత 1966లో పోయాడు. దినం అయిన మరునాడు పెద్ద నాయనమ్మ పాకకు నడిచి వెళ్ళి, చెల్లెలి చెయ్యి పట్టుకుని పెద్దింటికి తెచ్చుకుంది. ఆ ఏడే చిన్న నాయనమ్మకు బాప్తిస్మం ఇచ్చారు. భర్త లేడు కాబట్టి అభ్యంతరం లేదన్నారు. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని, ఎనిమిదేళ్ళు ఒకే కంచంలో తిన్నారు.

ఆ బాప్తిస్మపు రిజిస్టరు నేను చూశాను. ఆమె పేరు ఉంది, ఊరు ఉంది, తేదీ ఉంది. విధవ అని రాసి ఉంది. భర్త పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఎవరి విధవో రాయలేదు. ఆ గడిలో మా తాత పేరు రాయమని కిందటి క్రిస్మస్ ముందు మా సంఘ పెద్దలకు అర్జీ ఇచ్చాను. దానితో పాటు ద్వితీయోపదేశకాండం 21:15 నా చేత్తో రాసి జత చేశాను. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
చీరాల.